పెంపకం క్లాసుకు నా పేరే ఎందుకు రాశారు?

ప్రశ్న: మాది పాలమూరు వైపు పల్లె. పెళ్ళయ్యాక హైదరాబాద్ శివారులో కంపెనీల పక్క బస్తీకి వచ్చాం. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తాను, ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. తాగుడు ఎక్కువైంది, తాగినప్పుడు నా మీద చెయ్యి చేసుకుంటాడు. బాబుకు మూడున్నరేళ్ళు, పాపకు పది నెలలు. నేను డ్యూటీకి వెళ్తే అత్తమ్మ చూస్తుంది. బాబు రోజంతా ఫోన్ పట్టుకునే ఉంటాడు. మాటలు చాలా తక్కువ, ఏదైనా కావాలంటే చెయ్యి పట్టి లాగుతాడు. పాపను కొరుకుతాడు. పోయిన నెల పాప చెంప మీద పళ్ళు దిగేలా కొరికితే నాకు ఒళ్ళు తెలియలేదు, చేతిలో ఉన్న గరిటెతో వాడి తొడ మీద కొట్టాను. కమిలి నల్లగా అయింది. అంగన్‌వాడీ టీచర్ చూసింది, ఏమీ అనలేదు. వారం తర్వాత పిల్లల పెంపకం మీద తల్లులకు క్లాసులు మొదలవుతున్నాయని, నా పేరు కూడా రాశామని చెప్పింది. బస్తీలో ఇంతమంది ఉండగా నా పేరే ఎందుకు రాశారు? అత్తమ్మ ‘మేం ఏ క్లాసులకు పోయి పిల్లల్ని పెంచినం’ అంటోంది. ఇప్పుడు పేరు రాసుకుని తర్వాత బాబును తీసుకుపోతారేమో అని నాకు నిద్ర పట్టడం లేదు. పోవాలా, వద్దా? గరిటె సంగతి అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, ముందు మీకు నిద్ర లేకుండా చేస్తున్న భయం సంగతి చూద్దాం. క్లాసుల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఎవరూ పిల్లాణ్ణి తీసుకుపోరు. అంగన్‌వాడీ టీచర్‌కు గానీ, క్లాసులు నడిపేవాళ్ళకు గానీ ఆ అధికారమే లేదు. అలాంటి నిర్ణయం తీసుకునేది జిల్లాలో ఉండే బాలల సంక్షేమ సమితి. ఆ సమితి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నడుస్తుంది. బిడ్డను ఇంటివాళ్ళ నుంచి తీసి హోమ్‌లో పెట్టడం వేరే దారేదీ లేనప్పుడు మాత్రమే చేయాల్సిన పని అని ఆ చట్టంలోనే ఉంది. దెబ్బలు ఆగకుండా, బిడ్డకు ప్రమాదం ఉందనిపిస్తే వాళ్ళు కలగజేసుకుంటారు, అది మీ దగ్గర దాచను. మీ టీచర్ మాత్రం ఆ కమిలిన చోటు చూసి, పదిమందిలో మిమ్మల్ని నిలదీయకుండా, వారం తర్వాత వచ్చి క్లాసుకు రమ్మంది. మిమ్మల్నీ బాబునూ ఒకే ఇంట్లో క్షేమంగా ఉంచాలని ఆలోచించే మనిషి చేసే పని అది.

ఇక ‘నా పేరే ఎందుకు’ అన్నది. మీరు రాసిన ఉత్తరం మళ్ళీ ఒకసారి మీరే చదువుకోండి. వారం వారం మారే షిఫ్టు, తాగి వచ్చే భర్త, ఒంటి మీద పడే దెబ్బలు, ఏడాది నిండని పాప, మాట రాని బాబు, పుట్టింటివాళ్ళు దగ్గర లేకపోవడం. ఇందులో రెండు మూడు కలిసొచ్చినా ఎంత ఓపిక గల మనిషికైనా చెయ్యి లేస్తుంది. ఇలాంటి కార్యక్రమాలు నడిపేవాళ్ళు ఇళ్ళను ఎంచుకునేటప్పుడు చూసేది ఆ ఇంటి మీద ఎంత బరువు పడి ఉందన్నదే. అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని కొట్టే తల్లిదండ్రులు లేరనా? ఉన్నారు. వాళ్ళ తలుపు తట్టి, బిడ్డ తొడ మీద మచ్చ చూసి, పేరు రాసుకునే టీచర్ ఆ ఇళ్ళకు లేదు, అంతే. ఈ ఒక్క విషయంలో మీ బస్తీ పిల్లలకు ఉన్న దిక్కు ఆ పిల్లలకు లేదని నా అభిప్రాయం.

పోవాలా వద్దా అంటే, పొండి. ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానో చెప్తాను.

ఇలాంటి కార్యక్రమాల్లో నన్ను బాగా నమ్మించింది జమైకాలో జరిగినది. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలోని పేద బస్తీల్లో, వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పిల్లలను తీసుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల లోపువాళ్ళు. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టరమ్మ బృందం వాళ్ళను నాలుగు గుంపులు చేసింది. ఒక గుంపుకు పాలతో చేసిన పోషకాహారం ఇచ్చారు. ఒక గుంపు ఇళ్ళకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించి వచ్చేది. ఒక గుంపుకు రెండూ అందాయి, ఒక గుంపుకు ఏదీ లేదు. ఆ కార్యకర్తలు పెద్ద డిగ్రీలు చదివినవాళ్ళు కారు, మన ఆశా కార్యకర్తల లాంటివాళ్ళు. పట్టుకెళ్ళిన బొమ్మలు కూడా పారేసే డబ్బాలతో, గుడ్డముక్కలతో చేసినవే. వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళు చేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని చూస్తే, తల్లికి ఆట చూపించిన ఇళ్ళ పిల్లల సంపాదన, అది అందని పిల్లల సంపాదన కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. ఒట్టి పోషకాహారం అందినవాళ్ళలో అంతకాలం నిలిచిన తేడా కనబడలేదు.

నాకు ఆ చివరి మాట చాలా ముఖ్యం. మన దగ్గర బాలామృతం ప్యాకెట్ ఒక నెల రాకపోతే తల్లులు టీచర్‌ను నిలదీస్తారు, నిలదీయాలి కూడా. కానీ పొద్దుట్నుంచి రాత్రిదాకా ఈ పిల్లాడితో ఎవరు మాట్లాడారు అని ఏ రిజిస్టర్‌లోనూ రాసే గడి లేదు. జమైకా పద్ధతిని మన పక్కనున్న ఒడిశాలో కూడా చేసి చూశారు. అక్కడి పల్లెల్లో కొన్నిచోట్ల ఇంటింటికీ వెళ్ళారు, కొన్నిచోట్ల తల్లుల్ని పిల్లలతో సహా ఒకచోట కూర్చోబెట్టారు. రెండు విధాలా పిల్లలు మెరుగయ్యారు. గుంపుగా చేస్తే ఖర్చు తక్కువ. మీకు చెప్పిన క్లాసులు బహుశా ఆ రెండో రకానివి అయి ఉంటాయి.

క్లాసు అనగానే బెంచీ మీద కూర్చోబెట్టి తప్పులు ఎంచుతారని మీరు అనుకుంటున్నట్టుంది. నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఒక సెంటర్‌లో చూసింది చెప్తాను. చాప మీద ఒక తల్లి, ఎదురుగా రెండేళ్ళ కొడుకు. మధ్యలో రెండు స్టీలు గ్లాసులు, ఒక డబ్బా మూత. నేర్పే అమ్మాయి మూతను ఒక గ్లాసు కింద దాచి, గ్లాసుల్ని తల్లి వైపు జరిపి ఊరుకుంది. ఆ తల్లికి ఏం చేయాలో తోచక ‘ఏదిరా, ఏదీ’ అంటూ తనే గ్లాసు ఎత్తబోయింది. అమ్మాయి ఆమె చేతి మీద చెయ్యి వేసి ‘కాసేపు ఆగుదాం అక్కా’ అంది. పిల్లాడు తల్లి ముఖం చూశాడు, గ్లాసు చూశాడు, మళ్ళీ తల్లి ముఖం చూశాడు. తప్పు గ్లాసు ఎత్తాడు. ఆమె ‘అయ్యో’ అనేలోపే రెండోది కూడా ఎత్తి, మూత దొరకబుచ్చుకుని గట్టిగా నవ్వాడు. నేర్పే అమ్మాయి పిల్లాణ్ణి మెచ్చుకోలేదు, తల్లితో ‘చూశావా, ముందు నీ ముఖమే చూశాడు’ అంది. తర్వాతి వారం ఆ తల్లి వచ్చీ రాగానే, ఇంట్లో గిన్నెల కింద ఉల్లిగడ్డలు దాచి ఆడించానని చెప్పింది.

మంచి క్లాసు అలా ఉంటుంది. నేర్పేవాళ్ళ మాట తక్కువ, తల్లీబిడ్డల పని ఎక్కువ. అలా కాకుండా ప్రొజెక్టర్ పెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, సంతకాలు తీసుకుని, బ్యానర్ ముందు ఫొటో దిగి పంపించేవీ ఉన్నాయి. వాటి వల్ల మీలాంటి ఇళ్ళకు ఒరిగేదేమీ లేదు. అందుకని మొదటి రోజే అడగండి: బాబును వెంట తీసుకురావచ్చా? మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఒక టైమ్, పొద్దున షిఫ్టు వారంలో ఇంకో టైమ్ కుదురుతుందా? ఒక రోజు కూలి పోగొట్టుకుని రమ్మంటే ఎవరూ రాలేరు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పండి. మధ్యలో ఎవరైనా ఇంటికి వచ్చి చూస్తారా? నేను చెప్పిన ఇంటి విషయాలు ఎవరెవరికి తెలుస్తాయి? ఈ చివరి ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పేవాళ్ళయితే నిశ్చింతగా వెళ్ళొచ్చు.

అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. ఆమె పిల్లల్ని పెంచినప్పుడు వాకిలి ఉంది, ఆడబిడ్డలు, తోటికోడళ్ళు, పక్కింటి ముసలమ్మ ఉన్నారు. ఒకరు విసుక్కుంటే ఇంకొకరు ఎత్తుకునేవారు. ఇప్పుడు ఆమె ఒక్కతే, ఒక్క గదిలో, ఈ వయసులో ఇద్దరు చిన్నపిల్లల్ని తలుపు దాటకుండా కాపాడుతోంది. ఫోన్ ఇవ్వకపోతే ఆమెకు వంట చేసుకునే వీలు కూడా ఉండదు. నిజానికి రోజులో ఎక్కువసేపు బాబు ఉండేది ఆమె దగ్గర, కాబట్టి క్లాసుకు రావాల్సింది మీకంటే ముందు ఆమె. ‘నేర్చుకోవడానికి రా’ అంటే రాదు. ‘అత్తమ్మా, పాత ఆటలు ఎవరికీ తెలియడం లేదంట, నువ్వొస్తే చూపిస్తావు’ అని టీచర్‌తోనే పిలిపించండి. ఉప్పుమూట ఎక్కించుకోవడం, దాగుడుమూతలు, గుజ్జనగూళ్ళు ఆమెకు తెలిసినంత ఆ నేర్పే అమ్మాయిలకు తెలియకపోవచ్చు. నేను చూసినంతలో, నాయనమ్మలు వచ్చి కూర్చున్న క్లాసులు సగంలో ఆగిపోవడం తక్కువ.

బాబు మాట విషయం క్లాసుతో ముడిపెట్టి ఆలస్యం చేయకండి. మూడున్నరేళ్ళకు రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతున్నాడంటే ముందు చెవి చూపించాలి. పుట్టుకతో వినికిడి తక్కువైనా, చెవిలో చీము వల్లైనా ఇలా జరగొచ్చు, ఇంట్లోవాళ్ళు మొండితనం అనుకుంటారు. కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేస్తారు. పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చే డాక్టర్ల టీమ్ రాసిస్తే జిల్లాలోని పిల్లల చికిత్స కేంద్రానికి పంపి, మాట నేర్పే థెరపీ దాకా ఉచితంగా చూస్తారు. టీచర్‌ను ఈ వారమే అడగండి. ఫోన్ విషయంలో పిల్లల డాక్టర్లు చెప్పేది, రెండేళ్ళలోపు అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దని. రేపటి నుంచే మొత్తం మాన్పించమని అత్తమ్మకు చెప్తే ఆ ఇల్లు యుద్ధమవుతుంది. ముందు తిండి తినేటప్పుడు మాన్పించండి, అది కుదిరాక ఇంకో పూట.

మాట రాని పిల్లాడు కొరుకుతాడు. కోపం, ఆకలి, ‘నా అమ్మను ఈ పాప లాగేసుకుంది’ అన్న బాధ, అన్నీ వాడికి పళ్ళతోనే చెప్పడం వచ్చు. కొట్టినప్పుడు భయంతో ఆ నిమిషం ఆగుతాడు, ఇంకేం చేయాలో మాత్రం వాడికి తెలియదు. పైగా ఒళ్ళు మండినప్పుడు పెద్దవాళ్ళు కూడా కొడతారన్నది వాడికి పాఠం అవుతుంది. మళ్ళీ కొరికితే ముందు పాపను ఎత్తుకోండి. వాడి ముందు కూర్చుని, కళ్ళలోకి చూస్తూ ‘కొరకొద్దు, చెల్లికి నొప్పి’ అని నాలుగు మాటల్లో చెప్పండి. అరవకండి, పొడుగ్గా చెప్పకండి. వాడు పాప పక్కన కొరకకుండా కూర్చున్నప్పుడు, చెల్లి చెయ్యి పట్టుకున్నప్పుడు వెంటనే మెచ్చుకోండి. మనం కొరికినప్పుడు పరిగెత్తుకొస్తాం, బుద్ధిగా ఉన్నప్పుడు హమ్మయ్య అని వంట చేసుకుంటాం. వాడికి అర్థమయ్యేది ఏమిటంటే, అమ్మ కావాలంటే కొరకాలి అని.

డ్యూటీ నుంచి రాగానే, వంటకు ముందు, పది నిమిషాలు వాడికి ఇవ్వండి. ఫోన్ లేదు, పాప అత్తమ్మ దగ్గర. కూరగాయల సంచి వాడి ముందు గుమ్మరించి ఆలుగడ్డలు ఒకవైపు, టమాటాలు ఒకవైపు వేయమనండి. ‘ఎర్ర టమాటా. ఇంకో టమాటా. ఇది పెద్దది’ అని మీరు అంటూ ఉండండి. వాడు తిరిగి అనకపోయినా పర్వాలేదు. ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టకండి. మీకు కోపం తలకెక్కుతున్నట్టు తెలిసిన క్షణం, చేతిలో ఏముంటే అది కింద పెట్టేయండి, పాపను ఉయ్యాలలో వేసి నల్లా దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కోండి. రెండు నిమిషాలు బాబు ఏడ్చినా ఏమీ కాదు.

పాప పుట్టినప్పటి నుంచి ఊరికే ఏడుపు రావడం, దేని మీదా మనసు నిలవకపోవడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం ఉన్నాయా? మీరు రాయలేదు, నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పాపకు ఏడాది నిండేటప్పుడు ఆశా ఇంటికి రావాలి, ఆమెకు కూడా ఈ మాట చెప్పొచ్చు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన మనిషి, మీ ఆయన దగ్గరికి వస్తాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా అనే ఊళ్ళో 1970ల చివర్లో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టాడు. మొదటి కాన్పు గర్భిణుల ఇళ్ళకు నర్సులు వెళ్ళేవాళ్ళు, బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే ఆ ఇళ్ళలో పిల్లల్ని హింసించిన, పట్టించుకోకుండా వదిలేసిన కేసులు 48 శాతం తక్కువ. చాలా గొప్ప ఫలితం. అయితే అదే లెక్కను విడదీసి చూసినప్పుడు, తల్లి మీద మగవాడి దెబ్బలు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఆ మేలు కనిపించలేదు. అవే నర్సులు, అవే పాఠాలు, అయినా అక్కడ పనిచేయలేదు.

అందుకే మీరు క్లాసుకు వెళ్ళి ఎంత నేర్చుకున్నా, ఇంట్లో తన్నులాట అలాగే ఉంటే బాబు మీద మీ చెయ్యి లేవకుండా ఆపడం కష్టం. పెంపకం క్లాసులన్నీ తల్లుల పేర్లతోనే ఎందుకు రాస్తారో నాకు ఎప్పుడూ బాధే. బాబు పుస్తకంలో తండ్రి పేరు కూడా ఉంది కదా. తాగనప్పుడు, పొద్దున ఆటో తీసే ముందు, బాబును చెవి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి నువ్వే రావాలి అని అడగండి. కొడుకు విషయంలో ఒక పని అప్పగిస్తే కొందరు మగవాళ్ళు కదులుతారు. తాగుడు మానడానికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చికిత్స ఉంది, అతను మాట వినే అన్నో, ఆటో స్టాండ్ పెద్దమనిషో ఉంటే వాళ్ళతో చెప్పించండి. ఇది అతను మారతాడన్న హామీ కాదు. చెయ్యి చేసుకోవడం ఆగకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే 112. హింసకు గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఉండటానికి చోటు, లాయర్ సాయం రెండూ దొరుకుతాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద అతన్ని మీ మీద చెయ్యి వేయొద్దని కోర్టు ఆదేశించగలదు. మిమ్మల్ని ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టే హక్కు కూడా అతనికి ఉండదు.

కంపెనీలో ఇంకో మాట అడిగి చూడండి. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. చాలా కంపెనీల్లో ఇది కాగితం మీదే ఉంది. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది, మీ సెక్షన్‌లో చిన్నపిల్లలున్న ఆడవాళ్ళంతా కలిసి అడగండి. పాప పగలు కాసేపు అక్కడ ఉన్నా అత్తమ్మకు బాబుతో ఆడే ఓపిక మిగులుతుంది.

గరిటె సంగతి అడిగితే నిజం చెప్పండి. టీచర్ ఎలాగూ చూసింది, మీరు కింద పడ్డాడని అంటే ఆమెకు మీ మీద ఉన్న నమ్మకం పోతుంది. పదిమంది ముందు చెప్పక్కర్లేదు, క్లాసు అయ్యాక ఆమెను పక్కకు పిలిచి చెప్పండి. ‘ఆ రోజు నేనే కొట్టాను, మళ్ళీ అలా జరగకూడదని వచ్చాను, మా ఆయన నన్ను కొడతాడు’ అని, జరిగింది జరిగినట్టు. మొదటి క్లాసుకే ఇదంతా నోట రాకపోతే రెండో క్లాసుకు చెప్పండి. బాబుకు కూడా ఒక మాట బాకీ ఉన్నారు. వాడికి మాటలు రావు, అర్థం కావు అనుకోవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ తొడ మీద చెయ్యి వేసి, ‘అమ్మ కొట్టింది, తప్పు, ఇంక కొట్టదు’ అని చెప్పండి.